తుఫాను వారంలో చేతికొచ్చిన ‘ల్యాండ్‌ఫాల్’ టీషర్టులు: అమ్మాలా, ఆపాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను. విశాఖలో మధురవాడ వైపు ఆడే మీ క్రికెట్ జట్టుకి చాలా ఏళ్లుగా ‘సైక్లోన్’ అనే పేరుంది. ఈ ఏడాది జట్టు కుర్రాళ్లకే కాకుండా బయట అమ్మడానికి కూడా టీషర్టులు వేయించారు. వాటికి ‘ల్యాండ్‌ఫాల్’ (తుఫాను తీరం దాటడం) అని పేరు పెట్టారు. ముందువైపు సుడి గుర్తు, వెనకాల వేళ్లతో సహా ఒరిగిపోయిన కొబ్బరిచెట్టు, దాని కింద ‘మేం తీరం దాటితే మిగిలేదేం లేదు’ అన్న వాక్యం. ఆగస్టులో డిజైను ఖాయం చేశారు. తిరుప్పూరు నుంచి 300 పీసులు అక్టోబరు చివరి వారంలో దిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మీరు ముందుగానే షెడ్యూల్ చేసి పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ పోస్టు 29 పొద్దున దానంతట అదే బయటికొచ్చింది. జనం తిట్టారు. ‘తుఫాను రాకముందే పెట్టుకున్న పేరు కదా, మా తప్పేముంది? రూ.90 వేల సరుకు ఏం చెయ్యాలి? జట్టు పేరు కూడా మార్చెయ్యాలా? ఈ పేర్లకి ట్రేడ్‌మార్కు తీసుకోవచ్చా?’ అన్నది మీ ప్రశ్న.

డాబాగార్డెన్స్‌లో జెర్సీలు, ఆట సామాన్ల వ్యాపారం ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఆగస్టులో ఆ పేరు పెట్టినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ 28 రాత్రి తర్వాత దాన్ని అమ్మడమా మానడమా అన్నది పూర్తిగా మీ చేతిలో ఉంది. అక్కడి నుంచి అది కాకతాళీయం అనడానికి లేదు. జట్టు పేరు ఉంచుకోండి. టీషర్టులు ఆపెయ్యండి. వెనకాల ఉన్న బొమ్మా వాక్యమూ మాత్రం ఇప్పుడే కాదు, ఎప్పటికీ వద్దు. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటిది మీకొక్కరికే జరగలేదు.

ఆట సరుకుల్లో ఈ చిక్కుకి అందరికన్నా స్పష్టమైన ఉదాహరణ నైకీది. అమెరికా బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ మధ్య వైరం మన భారత్–పాకిస్థాన్ మ్యాచ్‌ల లాంటిది. 1978 సెప్టెంబరులో యాంకీస్ బోస్టన్ వెళ్లి వరుసగా నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. నాలుగింటి పరుగులూ కలిపితే 42–9. ఆ చితగ్గొట్టుడుకి అభిమానులు ‘బోస్టన్ మాసకర్’ (బోస్టన్ ఊచకోత) అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట కూడా కొత్తది కాదు. 1770 మార్చి 5న బ్రిటిష్ సైనికులు బోస్టన్ వీధిలో అయిదుగురిని కాల్చి చంపిన ఘటనకి చరిత్రలో స్థిరపడిన పేరు అది. యాంకీస్ అభిమానుల కోసం నైకీ ఆ రెండు మాటలతో టీషర్టులు వేసింది. ఏళ్లు గడిచాయి, ఎవరూ పట్టించుకోలేదు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ గమ్యరేఖ దగ్గర బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఆ పాత టీషర్టులు నైకీ ఫ్యాక్టరీ స్టోర్లలో ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

ఇక్కడ నైకీ తప్పేముంది? పేరు పెట్టినప్పుడు ఏమీ లేదు. కానీ ఒక్కసారి ఆ ఊరి మనిషిలా ఆలోచించండి. కాలు పోయిన చుట్టాన్ని ఆస్పత్రిలో చూసి బయటికొచ్చి, దారిలో ఒక దుకాణం అద్దంలో ఆ రెండు మాటలు చదివితే, దాని వెనక 1978 నాటి స్కోరు ఉందని ఆయనకి ఎవరు చెప్తారు? చెప్పినా ఆ క్షణంలో ఆయనకి అది దేనికి పనికొస్తుంది? నైకీ ఆ లెక్కలన్నీ విప్పుతూ కూర్చోలేదు. అవి పాత బేస్‌బాల్ చొక్కాలని, ఎక్కువగా ఫ్యాక్టరీ స్టోర్లలోనే ఉన్నాయని, వెంటనే తీసేశామని క్లుప్తంగా చెప్పి ఊరుకుంది. మీరు నేర్చుకోవాల్సిన మొదటి పద్ధతి ఇదే. ముందు సరుకు దాచండి, తర్వాత నాలుగు ముక్కల్లో చెప్పండి.

ఈ కథలో వ్యాపారులు పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ప్రమాదం కొత్త సరుకులో కన్నా పాత సరుకులో ఎక్కువ. కొత్తదాని మీద పది మంది కళ్లుంటాయి. అమ్ముడుపోక గొడౌనుకో, చౌక దుకాణానికో చేరిన దాన్ని మర్చిపోతాం. ఆన్‌లైన్ లిస్టింగులూ అంతే. పైన కొత్త డిజైన్లు పెట్టుకుంటూ పోతాం, అడుగున రెండేళ్ల కిందటి పేరు అలాగే ఉంటుంది, దాని మీద ప్రకటన కూడా నడుస్తూ ఉంటుంది. మీ విషయంలో ముప్పు తెచ్చింది టీషర్టు కన్నా ముందే టైము కట్టి పెట్టిన పోస్టు. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇచ్చిన రోజే జట్టు పేజీలో షెడ్యూల్ అయినవన్నీ ఆపెయ్యాలి. విశాఖలో ఉంటూ అక్టోబరు, నవంబరు నెలల్లో పోస్టుల్ని గాలికి వదిలెయ్యడం కుదరదు.

అదే బోస్టన్‌లో నాలుగేళ్ల తర్వాత అడిడాస్ చేసింది వేరే రకం. 2017 మారథాన్ అయిపోగానే, పరుగు పూర్తి చేసినవాళ్లకి ‘అభినందనలు, బోస్టన్ మారథాన్ నుంచి బతికి బయటపడ్డారు’ అనే అర్థంతో ఈమెయిల్ వెళ్లింది. 42 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి ‘హమ్మయ్య, బతికాం’ అనడం మామూలే. ఇంకే ఊరి పరుగులోనైనా ఆ మాట సరదాగా సరిపోయేది. అడిడాస్ వెంటనే క్షమాపణ చెప్పింది. కానీ దీన్ని నేను దురదృష్టం లెక్కలో వేయను. 2013 సంగతి ప్రపంచమంతటికీ తెలుసు, మెయిల్ రాసింది 2017లో. కాలం కలిసిరాకపోవడం వేరు, ఊరి గాయం తెలిసి కూడా రాసేటప్పుడు గుర్తు పెట్టుకోకపోవడం వేరు. జనం కూడా ఈ తేడా బాగానే పసిగడతారు. మొదటిదాన్ని క్షమిస్తారు, రెండోదాన్ని ఏళ్ల తరబడి తలుచుకుంటారు.

ఇంకో రెండు పేర్లు తరచూ ఇదే గాటన కట్టేస్తారు గానీ అవి ఇందులోకి రావు. అంబ్రో కంపెనీ బూట్ల రకానికి ‘జైక్లాన్’ అన్న పేరు 1999 నుంచి ఉంది. నాజీలు యూదుల్ని చంపిన విషవాయువు పేరు కూడా అదే అని 2002లో అభ్యంతరాలు వస్తే మార్చారు. నైకీ 1997లో ఒక బూటు మీద మంటల ఆకారంలో రాసిన అక్షరాలు అరబ్బీలో అల్లా పేరులా కనిపిస్తున్నాయని 38 వేల జతలు వెనక్కి తీసుకుంది. ఈ రెండింటిలో టైముతో పని లేదు. ఏ రోజు అమ్మినా అభ్యంతరమే. పేరు పెట్టేముందు నలుగురిని అడిగి ఉంటే తెలిసేది.

మన దేశంలో మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఒక కారు కథ. టాటా మోటార్స్ తన కొత్త చిన్న కారుకి ‘జికా’ అని పేరు పెట్టింది. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీని కంపెనీ ప్రచారకర్తగా పెట్టుకున్న రోజులవి. సరిగ్గా విడుదల ముందు దక్షిణ అమెరికాలో జికా వైరస్ పెరిగిపోయి, 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. తల చిన్నగా పుట్టిన పసిపిల్లల ఫొటోలు అన్ని పేపర్లలో వస్తున్నాయి. పేరు మారుస్తున్నట్టు కంపెనీ చెప్పింది, ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో మాత్రం కారు ఆ పాత పేరుతోనే నిలబడింది. జనం చేతే కొత్త పేరు ఎంపిక చేయించి, ఆ నెలలోనే ‘టియాగో’ అని ప్రకటించింది. బ్యాడ్జీలు, బ్రోచర్లు, ప్రకటనలు అన్నీ మళ్లీ చేయించుకోవడం అంటే ఎంత ఖర్చో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆ పేరుకీ రోగానికీ ఏ సంబంధమూ లేదని వాదించి కూర్చోవచ్చు, అది నిజం కూడా. వాదించలేదు. ఇవాళ ఆ కారు రోడ్ల మీద తిరుగుతుంటే పాత పేరు ఎంతమందికి గుర్తుంది?

ఇక మన ఊరి సంగతి. ‘తుఫాను’ అన్న మాట విశాఖలో ఎలా వినిపిస్తుందో హైదరాబాద్‌లో అలా వినిపించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మన నెత్తిమీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, సిగ్నళ్లు లేవు, రోజుల తరబడి కరెంటు లేదు, తాగే నీళ్లకీ పెట్రోలుకీ వరసలు. రెండు రోజుల తర్వాత, 14న పీఎం పాలెం స్టేడియంలో భారత్–వెస్టిండీస్ వన్డే జరగాల్సింది. రద్దయింది. ఆ మ్యాచ్ కోసం ఊళ్లో దుకాణాలన్నీ తెచ్చుకున్న నీలం జెర్సీలు పెట్టెల్లోనే ఉండిపోయాయి. వాటి గురించి ఆ రోజుల్లో ఒక్క వ్యాపారీ గొంతెత్తి మాట్లాడిన గుర్తు లేదు నాకు.

ఆ ఏడు డిసెంబరులో అనుకుంటాను, జగదాంబ దగ్గర తోపుడు బండి మీద టోపీలు అమ్ముతున్నారు. ఒకదాని మీద సుడిగాలి బొమ్మ, పడిపోయిన ఇళ్లు, ఏదో విదేశీ జట్టు పేరు. పూడిమడక వైపు నుంచి వచ్చిన చేపల వేటకెళ్లే ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘ఏటి బావూ, ఇది మా ఊరి బొమ్మేటి?’ అని అడిగాడు. గొడవ పెట్టుకోలేదు, వెటకారమూ చెయ్యలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. బండివాడు సమాధానం చెప్పలేక టోపీ తీసి లోపల పెట్టేశాడు. అప్పటి నుంచి ఏ డిజైను నా బల్ల మీదకి వచ్చినా ఆయన్ని నిలబెట్టి చూసుకుంటాను. ఆయన ఆ ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబుందా? మీ ఒరిగిపోయిన కొబ్బరిచెట్టుకి జవాబు లేదు. మొంథా తర్వాత కోనసీమలో తోట పోయిన రైతుకి ఆ బొమ్మ చూపించి, ఇది మా ఫాస్ట్ బౌలింగ్‌కి గుర్తు అని చెప్పగలరా?

2023లో ఇంకో సందర్భం వచ్చింది. నవంబరు 19 ఆదివారం, అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్ ఓడిపోయాం. అదే రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా బోట్లు కాలిపోయాయి. 23న ఇక్కడే ఆస్ట్రేలియాతో టీ20. ఒక అభిమానుల బృందం ఆ మ్యాచ్‌కి వేసుకోవడానికి అంతకుముందే మాకు ఆర్డరిచ్చింది. రగులుతున్న బంతి, చుట్టూ మంటలు, ‘తగలబెట్టేద్దాం’ అనే నినాదం. 20 పొద్దున్నే ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. ‘అన్నా, ఆ మంటల బొమ్మ వద్దు. హార్బర్ ముందు నుంచే బస్సులో రావాలి మేం’ అన్నాడు. ప్రింటు ఇంకా ఎక్కలేదు కాబట్టి తేలికైంది. నీలం రంగు మీద తెల్లగా ‘విశాఖ’ అని మాత్రం వేసిచ్చాం. సూర్యకుమార్ మొదటిసారి భారత కెప్టెన్‌గా దిగిన ఆ మ్యాచ్‌లో మనవాళ్లు 209 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచారు. ఆ బృందం ఉత్సాహానికి లోటేం రాలేదు. ఆ కుర్రాడి వయసు పాతికేళ్లు కూడా ఉండవు. అతనికి తట్టింది అందరికీ తట్టాలి అని నా ఆశ.

‘ఇలా అయితే ఆటల గురించి ఏ మాటా వాడలేం కదా’ అంటారు కొందరు. వాళ్ల మాటలో నిజం ఉంది, కొట్టిపారేయను. మన తెలుగు క్రీడా పేజీలన్నీ పరుగుల తుఫాను, సిక్సర్ల సునామీ, బౌలర్ల ఊచకోతలతోనే నిండి ఉంటాయి. ధోని మన ఊళ్లో పాకిస్థాన్ మీద 148 కొట్టింది 2005 ఏప్రిల్ 5న. అప్పటికి సునామీ వచ్చి వంద రోజులే అయింది. ఆ ఇన్నింగ్స్‌ని ఏమని పిలవాలి అని ఆగి ఆలోచించాల్సిన రోజులవి. అయితే నోటి మాటకీ గుడ్డ మీద అచ్చుకీ తేడా ఉంది. వ్యాఖ్యాత అన్న మాట తర్వాతి బంతికి పోతుంది. పేపర్లో శీర్షిక మర్నాటికి పోతుంది. టీషర్టు రెండేళ్లు ఉతుకుతారు. దాన్ని వేసుకున్నవాడు బస్సెక్కుతాడు, ఆస్పత్రికెళ్తాడు, బ్యాంకు వరసలో నిలబడతాడు. ఎవరి ముందు నిలబడతాడో మీకు తెలియదు. పైగా దాని మీద మీకు డబ్బొస్తుంది. అందుకే అమ్మే సరుకు విషయంలో మామూలు మాటల కన్నా గట్టిగా ఉండాలంటాను.

అలాగని ఊరికే బెదిరిపోయి అన్నీ మార్చెయ్యమనను. జట్టు పేరు సంగతి చూడండి. కాలిఫోర్నియాలో శాన్ హోసె ఫుట్‌బాల్ జట్టు పేరు ‘ఎర్త్‌క్వేక్స్’. 1974లో పెట్టారు. 1989 అక్టోబరు 17న ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి 63 మంది పోయారు. అక్కడి రెండు జట్ల మధ్యే బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మ్యాచ్ మొదలవబోతుండగా స్టేడియం ఊగిపోయింది. అంత జరిగాక కూడా, 1996లో వేరే పేరుతో లీగులో దిగిన జట్టుకి 1999లో మళ్లీ ‘ఎర్త్‌క్వేక్స్’ అనే పెట్టుకున్నారు. ఐస్ హాకీలో ‘కరోలినా హరికేన్స్’ ఉంది. 2024లో హెలీన్ తుఫాను నార్త్ కరోలినా పశ్చిమ భాగాన్ని ఊడ్చేసింది, పేరు మాత్రం మారలేదు. ఎందుకంటే ఆ ఆపద వాళ్లది, ఆ ఊరిది. దాన్ని ఎదుర్కొని బతుకుతున్న మనుషులే ఆ పేరు వేసుకుని తిరుగుతున్నారు. బయటివాడి నష్టాన్ని చూసి నవ్వడం అందులో లేదు. మీ ‘సైక్లోన్’ కూడా సముద్రపొడ్డు కుర్రాళ్లు తమకి తాము పెట్టుకున్న పేరు. హుద్‌హుద్‌ని చూసినవాళ్లే మీ జట్టులో ఉన్నారు. ఆ పేరు మీకు చెల్లుతుంది.

అదే ఊరు మారితే మాట బరువు మారుతుంది. కెనడాలో కాల్గరీ ఫుట్‌బాల్ జట్టు పేరు ‘స్టాంపీడర్స్’. 1912లో మొదలైన గుర్రాల ఉత్సవం పేరు మీద వచ్చింది. ‘స్టాంపీడ్’ అంటే తొక్కిసలాట అని కూడా అర్థం. అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు. బెంగళూరులో 2025 జూన్ 4న ఆర్సీబీ విజయోత్సవానికి వెళ్లి చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది తొక్కిసలాటలో చనిపోయాక, ఆ మాటని అక్కడ ఏ చొక్కా మీదైనా వేస్తే ఊరుకుంటారా? ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అలాగే వాషింగ్టన్ బాస్కెట్‌బాల్ జట్టుని ‘బుల్లెట్స్’ అనేవారు. ఆ నగరంలో తుపాకీ చావులు పెరిగిపోయాయి. 1995 నవంబరులో యజమాని స్నేహితుడైన ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ని కాల్చి చంపారు. ఇక చాలనుకుని ఆ పేరు వదిలేశారు, 1997లో ‘విజార్డ్స్’ అయింది. జట్టు పేరు మార్చడానికి ఏళ్లు పట్టొచ్చు, ఆలోచించి మార్చొచ్చు. టీషర్టు విషయంలో మీకు దొరికేది ఒక్క పూట.

ఇంకోవైపు చూస్తే, 2023 జూన్‌లో ‘టైటాన్’ అనే జలాంతర్గామి అట్లాంటిక్ అడుగున నలిగిపోయి అయిదుగురు పోయారు. మన కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్. ఆ వారం వాళ్ల జెర్సీ వేసుకున్నవాడిని ఎవరూ తప్పుపట్టలేదు. పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. చూసేవాళ్లలో బాధితులు ఉండాలి, చూడగానే ఆ ఘటనే గుర్తుకు రావాలి, వేసిన బొమ్మ గానీ వాక్యం గానీ ఆ నష్టాన్ని గొప్పగా చెప్పుకోవాలి. ఈ మూడూ కలిస్తే ఆపాల్సిందే. మీ ‘ల్యాండ్‌ఫాల్’లో మూడూ ఉన్నాయి.

తీరం మీద జెర్సీలు వేయించేవాళ్లకి చాలామందికి తెలియని ఒక విషయం చెప్పాలి. తుఫాన్ల పేర్లు ముందే అచ్చయి ఉంటాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫాన్ల కోసం 13 దేశాలు తలా 13 పేర్లు ఇస్తే, మొత్తం 169 పేర్ల పట్టిక 2020 ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ బయటపెట్టింది. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు. అందులో మన దేశం ఇచ్చినవి చూడండి: గతి, తేజ్, మురసు, ఆగ్, వ్యోమ్, ఝర్, ప్రబాహో, నీర్, ప్రభంజన్, ఘూర్ణి, అంబుద్, జలధి, వేగ. వీటిలో సగం ఏ బూట్ల కంపెనీ అయినా కళ్లకద్దుకుని పెట్టుకునే పేర్లు. ‘గతి’ 2020లోనూ, ‘తేజ్’ 2023లోనూ అయిపోయాయి, రెండూ అరేబియా సముద్రంలో వచ్చాయి. ‘వేగ’, ‘ఆగ్’, ‘వ్యోమ్’ ఇంకా రావాలి. పాత పట్టికలో మనవి అగ్ని, ఆకాశ్, బిజిలీ, జల్, లెహర్, మేఘ్, సాగర్, వాయు. వాటిలో ‘లెహర్’ 2013 నవంబరులో మచిలీపట్నం వైపే వచ్చింది. 2025 అక్టోబరు మొదట్లో, మన ఊళ్లో మహిళల ప్రపంచ కప్ మ్యాచ్‌లకి ఏర్పాట్లు జరుగుతుండగా అరేబియా సముద్రంలో తిరిగిన తుఫాను పేరు శక్తి, శ్రీలంక ఇచ్చింది. ఆడపిల్లల జట్టు టీషర్టు మీద అంతకన్నా సహజంగా వచ్చే మాట ఏముంది చెప్పండి? అది మన తీరానికి రాలేదు కాబట్టి సరిపోయింది. పేరు ఖాయం చేసేముందు ఆ పట్టిక ఒక్కసారి చూసుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఎప్పుడో వచ్చే తుఫానుకి భయపడి ‘వేగ’ మానుకోమని చెప్పను గానీ, ఆ పేరుతో అక్టోబరులో పెద్ద ఎత్తున సరుకు దింపుకోవద్దంటాను.

ఇప్పుడు మీ 300 పీసుల సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ముందువైపు సుడి గుర్తు, వెనక బొమ్మ రెండూ సబ్లిమేషన్ ప్రింటే. అది పాలియెస్టర్ దారంలోకి ఇంకిపోతుంది, చెరిపే మార్గం లేదు. పైన తెల్ల డీటీఎఫ్ స్టిక్కర్ (ఫిల్ము మీద అచ్చువేసి వేడితో గుడ్డకి అతికించేది) నొక్కి కప్పేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. హీట్ ప్రెస్ వేడికి కింది రంగు పైకి పాకి, పది పదిహేను రోజుల్లో ఆ తెలుపు కింది రంగులోకి తిరుగుతుంది, బొమ్మ నీడలా కనబడుతుంది. రంగు ఆపే ప్రత్యేకమైన ఫిల్ముతో చెయ్యొచ్చు గానీ వీపంతా కప్పాలంటే చెమట పీల్చదు, ఎండలో ఆడలేరు. కాబట్టి వెనక భాగం విప్పించి, ఒకే రంగు గుడ్డ వేసి కుట్టించడమే మేలు. టైలరు దగ్గర కూర్చుని లెక్క వేసుకోండి. ఒక పీసుకి అయ్యే కూలీ, గుడ్డ కలిపి కొత్త జెర్సీ ధరలో సగం దాటితే ఆ పని వద్దు, వాటిని జట్టు ప్రాక్టీసుకి కూడా వాడకుండా గుడ్డగా పంపెయ్యండి. ముందువైపు సుడి గుర్తు మీ జట్టుదే కాబట్టి ఉండొచ్చు. ‘ల్యాండ్‌ఫాల్’ అన్న మాట మెడ లేబుల్ మీదా, వేలాడే ట్యాగ్ మీదా మాత్రమే ఉంటే మీ అదృష్టం, ట్యాగులు మార్చడం పెద్ద ఖర్చు కాదు. అంబ్రో బూట్లలోనూ ‘జైక్లాన్’ పేరు బూటు మీద లేదు, పెట్టె మీదే ఉంది. వాట్సాప్ క్యాటలాగు, బిల్లు బుక్కులో పేరు, ఆన్‌లైన్ లింకులో పేరు కూడా వెతికి మార్చండి, లింకులో మిగిలిపోయిన పాత పేరు మళ్లీ ఎవరో ఒకరు తవ్వి తీస్తారు.

ఒక పని మాత్రం పొరపాటున కూడా చెయ్యొద్దు. ‘ఎలాగూ అమ్మం కదా, సహాయ శిబిరాలకి పంచేద్దాం’ అని ఎవరో మీ కామెంట్లలో రాశారు. మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ ఇల్లు పోయిన మనిషికి ఒరిగిన కొబ్బరిచెట్టు, ‘మిగిలేదేం లేదు’ అన్న వాక్యం ఉన్న చొక్కా తొడిగించడం కన్నా పెద్ద అవమానం నాకు తెలియదు. బట్టలు ఇవ్వాలనుంటే కొత్త లుంగీలు, తువ్వాళ్లు, చీరలు కొని ఇవ్వండి. అది ఈ టీషర్టుల లెక్కకి ముడిపెట్టకండి, పోస్టు పెట్టకండి.

క్షమాపణ విషయం. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ అన్న మాట తీసెయ్యండి. నొచ్చుకున్నారని మీకు తెలుసు, కామెంట్లు మీ కళ్ల ముందే ఉన్నాయి. ఆగస్టులోనే పెట్టుకున్న పేరు అన్న వివరణ ఒక్క వాక్యం చాలు, అది కూడా చివర్లో. ఇలా రాయొచ్చు: ‘ల్యాండ్‌ఫాల్ టీషర్టులు అమ్మడం ఆపేశాం. తుఫానులో నష్టపోయిన కుటుంబాలకి ఆ బొమ్మ, ఆ మాట బాధ కలిగించాయి. మమ్మల్ని క్షమించండి. ముందుగా డబ్బు కట్టినవాళ్లందరికీ మొత్తం తిరిగి ఇస్తున్నాం. ఈ డిజైను తుఫానుకి ముందు తయారైంది, ఇకపై వాడం.’ ఇంతకన్నా పెంచకండి. కింద వాదించేవాళ్లకి జవాబివ్వకండి. పాత పోస్టు డిలీట్ చేసి ఏమీ జరగనట్టు ఉండటం కూడా సరికాదు, స్క్రీన్‌షాట్లు ఇప్పటికే తిరుగుతున్నాయి.

ఆట ఆపేయమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న జరిగిన దాడిలో మన విశాఖ మనిషి కూడా పోయారు. మర్నాడు హైదరాబాద్‌లో సన్‌రైజర్స్, ముంబై మ్యాచ్ జరిగింది. ఆటగాళ్లు నల్ల బ్యాడ్జీలు కట్టుకున్నారు, చీర్‌లీడర్లు లేరు, బాణసంచా లేదు. ఆట సాగింది, ఆర్భాటం ఆగింది. మీ టోర్నీ కూడా అలాగే పెట్టుకోండి, జట్టు సాదా జెర్సీలో దిగితే చాలు.

చివరగా ట్రేడ్‌మార్కు గురించి కూడా అడిగారు కదా. 1999 చట్టంలో సెక్షన్ 9(2) ప్రకారం మత భావాల్ని గాయపరిచేవి, అసభ్యమైనవి తిరస్కరిస్తారు. కాలం కలిసిరాని పేర్ల గురించి అందులో ఏమీ లేదు, కాబట్టి ‘ల్యాండ్‌ఫాల్’ని చట్టం అడ్డుకోకపోవచ్చు. రిజిస్ట్రీ ఇచ్చినా మీరు తీసుకోకండి. 2025 మేలో ‘ఆపరేషన్ సిందూర్’ అని మన సైనిక చర్య పేరు ప్రకటించిన కొన్ని గంటల్లోనే దాని మీద ట్రేడ్‌మార్కు దరఖాస్తులు పడ్డాయి. విమర్శలొచ్చాక ఒక పెద్ద సంస్థ తన దరఖాస్తుని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మీరు దరఖాస్తు పెట్టాలనుకుంటే జట్టు పేరుకి, సుడి గుర్తుకి కలిపి పెట్టండి. బట్టలకి 25వ తరగతి, బ్యాట్లు బంతుల్లాంటి సామాన్లకి 28వ తరగతి. రిజిస్టరైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ‘సైక్లోన్’ లాంటి మామూలు మాట ఒక్కటే అడిగితే ముందే ఎవరో ఒకరు తీసుకుని ఉండే అవకాశం ఎక్కువ, అందుకని ఊరి పేరు గానీ బొమ్మ గానీ జోడించి వెయ్యండి. దరఖాస్తు వేసే ముందు రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ రెండు తరగతుల్లోనూ వెతికించుకోండి.